నిద్రను చక్కదిద్దుకుని బరువును అదుపులోకి తెచ్చుకోవడం ఎలా: పెద్దలకు ఆరు వారాల సమగ్ర మార్గదర్శి

అన్నం తగ్గించినా, రోజూ నడిచినా బరువు కదలడం లేదని అడిగే పాఠకులు చాలామంది ఉన్నారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు అని తిరిగి అడిగితే వారిలో ఎక్కువమంది కచ్చితమైన జవాబు చెప్పలేకపోతారు. ఈ మార్గదర్శి వారికోసం రాసినది. ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత మార్చాలి, ఎక్కడ తడబడతారు, తడబడితే ఎలా సర్దుకోవాలి అన్నవే ఇందులోని విషయాలు.

ఒక మాట మొదట్లోనే స్పష్టంగా చెప్పాలి. నిద్ర కొవ్వును కరిగించదు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, రాత్రి పొద్దుపోయాక తినే తిండి పెరుగుతుంది, తగ్గించుకోవాలన్న పట్టుదల సడలుతుంది. ఈ మూడింటినీ సరిచేయడానికే నిద్రను సరిచేస్తున్నాం. అందుకే కింది మెట్లలో పడకగది కంటే వంటగది గురించి ఎక్కువ చెప్పవలసి వచ్చింది.

1. తేడా ఎక్కడ వస్తోంది

పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి 2015లో సిఫారసు చేశాయి. ఒకటి రెండు రాత్రులు తగ్గితే పెద్ద ప్రమాదం లేదు. వారాల తరబడి ఐదు, ఆరు గంటలతో సరిపెట్టుకుంటేనే తిండి లెక్క తప్పుతుంది.

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి, పదేసి గంటలు పడుకున్న రాత్రులతో పోల్చి చూశారు. తక్కువ పడుకున్నప్పుడు, కడుపు నిండిందని మెదడుకు తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తర్వాతి అధ్యయనాలన్నింటిలోనూ హార్మోన్ల లెక్క ఇలాగే తేలలేదు గాని, తిండి పెరగడం మాత్రం మళ్లీ మళ్లీ కనిపించింది.

కొలరాడో విశ్వవిద్యాలయంలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం మనకు మరింత పనికొస్తుంది. అందులో 16 మంది ఐదు రోజులపాటు రాత్రికి ఐదు గంటలే పడుకున్నారు. ఎక్కువసేపు మేలుకుని ఉన్నందువల్ల వారి శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు 5 శాతం పెరిగింది. అయితే వారు తిన్నది అంతకంటే ఎక్కువ పెరిగింది, అదీ ముఖ్యంగా రాత్రి భోజనం అయిన తర్వాత. ఆ ఐదు రోజుల్లో సగటున 0.82 కిలోల బరువు పెరిగారు. మేలుకుంటే శక్తి ఖర్చవుతుంది కదా అనుకునేవారికి ఇది జవాబు.

నిద్ర పెంచితే ఏమవుతుందో షికాగో విశ్వవిద్యాలయం వారే 2022లో చూపారు. రోజూ ఆరున్నర గంటల కంటే తక్కువ పడుకునే, కొంత అధిక బరువున్న 80 మందిని తీసుకుని, సగం మందికి నిద్ర అలవాట్ల గురించి మాత్రమే సలహా ఇచ్చారు. తిండి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. రెండు వారాల్లో వారి నిద్ర రోజుకు సుమారు 1.2 గంటలు పెరిగింది. మిగతా సగం మందితో పోలిస్తే వారు తీసుకున్న ఆహారం రోజుకు దాదాపు 270 కిలో క్యాలరీలు తగ్గింది. నూనెలో వేయించిన మిక్చర్ 50 గ్రాములు తింటే దాదాపు అంతే వస్తుంది.

బరువు తగ్గే ప్రయత్నం ఇప్పటికే మొదలుపెట్టినవారు ఇంకొకటి గమనించాలి. 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో అధిక బరువున్న 10 మంది ఒకే రకమైన మితాహారాన్ని రెండు విడతలుగా పద్నాలుగేసి రోజులు తీసుకున్నారు. రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడుకునే వీలిచ్చినప్పుడు తగ్గిన బరువులో 1.4 కిలోలు కొవ్వు. ఐదున్నర గంటలకు కుదించినప్పుడు కొవ్వు 0.6 కిలోలే తగ్గింది, మిగిలిన బరువు కండ వంటి కొవ్వేతర భాగం నుంచి పోయింది. అంటే పస్తులుండి నిద్ర చెడగొట్టుకుంటే తూకంలో సంఖ్య తగ్గవచ్చు గాని, తగ్గవలసినది తగ్గదు.

2. మొదలుపెట్టే ముందు: ముందుగా డాక్టరును చూడవలసినవారు

కొందరిలో నిద్ర సమస్యే ఒక జబ్బు. అలవాట్లు మార్చినంత మాత్రాన అది పోదు. గురక వాటిలో ముఖ్యమైనది. గురకను మన ఇళ్లలో గాఢనిద్రకు గుర్తుగా చూస్తారు, అది పొరపాటు. నిద్రలో గొంతు వెనుక భాగం మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవారు ఎనిమిది గంటలు పడుకున్నా అలసటతోనే లేస్తారు. మెడ చుట్టూ కొవ్వు చేరితే ఈ జబ్బు ముదురుతుంది. జబ్బు ముదిరితే పగటి అలసట వల్ల కదలిక తగ్గి బరువు ఇంకా పెరుగుతుంది.

కింది వాటిలో మూడు లేదా అంతకంటే ఎక్కువ మీకు వర్తిస్తే ముందు పరీక్ష చేయించుకోండి:

- పక్క గదికి వినిపించేంత గురక వస్తుంది.
- నిద్రలో ఊపిరి ఆగినట్లు, ఉక్కిరిబిక్కిరై లేచినట్లు ఇంట్లోవారు గమనించారు.
- పగటిపూట బస్సులో, సమావేశంలో, టీవీ ముందు తెలియకుండానే నిద్రలోకి జారుకుంటారు.
- రక్తపోటు ఉంది.
- వయసు 50 దాటింది.
- మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించింది.
- పురుషులు.
- బాడీ మాస్ ఇండెక్స్ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య) 35 దాటింది.

ఆసుపత్రులలో ఈ పరీక్షను స్లీప్ స్టడీ అంటారు. ఛాతీ వైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు దీనికి పంపుతారు. ఆప్నియా తేలితే, నిద్రలో ముక్కు తొడుగు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీపాప్ యంత్రం వాడవలసి రావచ్చు. పరీక్ష కాకముందే నిద్రమాత్రలు వేసుకోవడం ఇటువంటివారికి ప్రమాదం, ఎందుకంటే కొన్ని మాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడే మధుమేహులు డాక్టరును అడగకుండా భోజన వేళ మార్చకూడదు. మందు వేళ, భోజన వేళ పొంతన తప్పితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఆకలినీ బరువునూ పెంచుతాయి. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా బరువు పెరగడం, మత్తుగా ఉండడం రెండూ ఉంటాయి. మందులను మీ అంతట మీరు ఆపవద్దు, వాటి గురించి అడిగి తెలుసుకోండి. గర్భిణులకూ, పసిబిడ్డల తల్లులకూ ఈ ఆరు వారాల పద్ధతి వర్తించదు.

3. మొదటి వారం: ఏదీ మార్చకుండా రాసుకోవడం

చాలామందికి ఈ మెట్టు దాటవేయాలనిపిస్తుంది. దయచేసి దాటవేయకండి. మీ సమస్య ఏమిటో తెలియకుండా మొదలుపెడితే పనికిరాని మందు వేసుకున్నట్లే అవుతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి:

- మంచం పక్కన ఒక నోటు పుస్తకం, పెన్ను. ఫోనులో రాసుకుందామనుకుంటే దానితోనే అరగంట గడిచిపోతుంది.
- బరువు తూచే యంత్రం, గట్టి నేల మీద ఎప్పుడూ ఒకేచోట ఉంచినది.
- దర్జీ టేపు.

ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినక తాగక ముందు, తేలికపాటి బట్టల్లో తూచుకోండి. వారంలో కనీసం నాలుగు రోజులు తూచి సగటు తీయండి. ఉప్పు ఎక్కువైన మర్నాడు, నెలసరి ముందు నీరు పట్టడం వల్ల కిలో వరకు అటూ ఇటూ కావడం సహజం కాబట్టి ఒక్కరోజు సంఖ్యకు విలువ లేదు. నడుము చుట్టుకొలత వారానికి ఒకసారి చాలు. భారతీయులకు నిపుణులు సూచించిన హద్దులు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు. బాడీ మాస్ ఇండెక్స్ మనవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం.

ఇక నోటు పుస్తకంలో ఒక రాత్రి పేజీ ఇలా ఉంటుంది:

- చివరి టీ: సాయంత్రం 6:30
- రాత్రి భోజనం: 10:00
- భోజనం తర్వాత తిన్నవి: గుప్పెడు జంతికలు, ఒక అరటిపండు, 11:15కు
- మంచం ఎక్కినది: 11:40
- నిద్ర పట్టినది: సుమారు 12:10
- మధ్యలో లేచినది: ఒకసారి, సుమారు 20 నిమిషాలు
- లేచినది: 6:00

ఈ వ్యక్తి మంచం మీద గడిపినది 6 గంటల 20 నిమిషాలు, నిద్రపోయినది 5 గంటల 30 నిమిషాలు. నిద్రపోయిన కాలాన్ని మంచం మీద గడిపిన కాలంతో భాగిస్తే 87 శాతం వస్తుంది. 85 శాతం దాటితే నిద్ర బాగానే పడుతున్నట్లు లెక్క. ఇతనికి ఉన్న లోటల్లా నిద్రకు తగినంత వేళ కేటాయించకపోవడమే. ఈ మార్గదర్శి ఇటువంటివారికి సూటిగా పనికొస్తుంది.

మరొకరు రాత్రి 10 గంటలకే పడుకుని ఉదయం 6 వరకు మంచం మీదే ఉంటారు, కాని నిద్రపోయేది ఐదున్నర గంటలే. అప్పుడు లెక్క 69 శాతానికి దిగుతుంది. ఇది నిద్రలేమి. ఇటువంటివారు ఇంకా తొందరగా పడుకుంటే పరిస్థితి చెడుతుంది. వారు ఎనిమిదవ మెట్టును మొదట చదవాలి. ఇద్దరూ తక్కువ నిద్రపోతున్నవారే అయినా చికిత్స ఒకటి కాదు, మొదటి వారం రాతకు నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

4. రెండవ వారం: మేలుకునే వేళను స్థిరపరచడం

ఎక్కువమంది పడుకునే వేళతో మొదలుపెట్టి విఫలమవుతారు. పదకొండున్నరకు అలవాటుపడిన శరీరాన్ని తొమ్మిదిన్నరకు మంచం ఎక్కించినంత మాత్రాన నిద్ర రాదు. మేలుకునే వేళ మాత్రం మన చేతిలో ఉంటుంది. దానిని ముందు బిగించాలి.

1. వారంలో అన్ని రోజులకూ, ఆదివారంతో సహా, కుదిరే ఒక వేళను ఎంచుకోండి. పిల్లల స్కూలు బస్సు, కుళాయి నీళ్లు వదిలే వేళ, కార్యాలయ ప్రయాణం అన్నీ చూసుకుని నిర్ణయించండి.
2. లేచిన అరగంటలోపు బయటి వెలుతురులోకి వెళ్లండి. బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయడమైనా, పాల ప్యాకెట్టు కోసం నడవడమైనా 20 నిమిషాలు చాలు. కళ్లకు తగిలే ఉదయపు వెలుతురు రాత్రి నిద్ర వచ్చే వేళను ముందుకు జరుపుతుంది.
3. లేచే వేళ నుంచి ఏడున్నర లేదా ఎనిమిది గంటలు వెనక్కు లెక్కపెట్టండి. ఐదున్నరకు లేవాలంటే పదింటికల్లా దీపం ఆర్పాలి.
4. పడుకునే వేళను రెండు మూడు రోజులకు 15 నిమిషాల చొప్పున ముందుకు తెండి.

సెలవు రోజున అరగంట, మహా అయితే గంట ఆలస్యం కావచ్చు. వారమంతా తగ్గిన నిద్రను శని, ఆదివారాల్లో పూడ్చుకోవచ్చనేది చాలామంది ధీమా. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో దీనినే పరీక్షించారు. వారాంతంలో ఎక్కువ పడుకున్నవారు మళ్లీ తక్కువ నిద్రకు మళ్లినప్పుడు రాత్రి భోజనం తర్వాతి తిండి, బరువు పెరగకుండా ఆ వారాంతపు నిద్ర కాపాడలేకపోయింది.

మధ్యాహ్నం కునుకు అవసరమైతే మూడు గంటలు కొట్టకముందే, 20 నుంచి 30 నిమిషాలు మాత్రమే తీయండి, అలారం పెట్టుకుని. పప్పన్నం తిని రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్రను పగలే ఖర్చు పెట్టినట్లవుతుంది.

5. మూడవ వారం: రాత్రి భోజనాన్ని ముందుకు జరపడం

బరువు విషయంలో అసలు మార్పు ఇక్కడే వస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మన ఇళ్లలో రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది దాటడం మామూలైపోయింది. భర్తో, కొడుకో పని నుంచి వచ్చేదాకా వేచి చూడడం, సీరియల్ అయిపోయేదాకా ఆగడం, ఆకలి ఆపుకోలేక మధ్యలో ఏదో ఒకటి నమలడం, చివరికి పూర్తి భోజనం చేసి వెంటనే పడుకోవడం. పైగా వేచి చూసిన ఇల్లాలు రెండుసార్లు తిన్నట్లవుతుంది. పడుకునే వేళకు కనీసం రెండున్నర, మూడు గంటల ముందు భోజనం ముగిస్తే పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట తగ్గి నిద్ర చెదరదు. అన్నిటికంటే ముఖ్యంగా, వంటగది మూతపడుతుంది.

పదికి పడుకోవాలనుకునేవారికి క్రమం ఇది:

1. మధ్యాహ్న భోజనాన్ని తగ్గించవద్దు. పగలు కడుపు మాడ్చుకున్నవారే రాత్రి ఎక్కువ తింటారు. పప్పు, కూర, పెరుగు, కుదిరితే గుడ్డు ఉండేలా చూడండి.
2. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఒక చిన్న పలహారం తినండి. ఉడికించిన శనగలు లేదా అలసందల గుగ్గిళ్లు ఒక కప్పు, లేకపోతే వేయించిన పల్లీలు గుప్పెడు, ఒక జామపండు. ఆకలి పెరిగే ఏడు, ఎనిమిది గంటల వేళలో బజ్జీల బండి దాటిపోగలగడానికి ఇదే అండ.
3. ఏడు, ఏడున్నర మధ్య భోజనం ముగించండి. సగం పళ్లెం కూరలు, పావు పళ్లెం అన్నం లేదా జొన్నరొట్టె, పావు పళ్లెం పప్పు, గుడ్డు లేదా చేప. చివర మజ్జిగ.
4. తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి.
5. గిన్నెలు సర్ది, పొయ్యి తుడిచి, వంటగది దీపం ఆర్పండి. డబ్బాలు కంటికి ఎదురుగా ఉండే అరలోంచి పై అటకకు మార్చండి.

పని నుంచి తొమ్మిదింటికి ఇల్లు చేరేవారు ఆరున్నరకు పనిచోటే ఇంటి నుంచి తెచ్చుకున్న పెసరట్టో, రెండు చపాతీలు కూరతోనో తిని, ఇంటికి వచ్చాక ఒక కప్పు పెరుగు లేదా పలుచని పప్పుచారుతో సరిపెట్టుకోవచ్చు. పూర్తి భోజనాన్ని రెండుగా విడగొట్టడమే తప్ప, అదనంగా తినడం కాదు. ఇంట్లో అందరూ కలిసి తినే ఆనందం పోతుందని బాధపడేవారికి నా సూచన, ఆ కలయికను ఉదయం ఫలహారానికి మార్చుకోండి. అప్పుడు అందరూ ఇంట్లోనే ఉంటారు.

పదిన్నరకు నిజంగా ఆకలేస్తే ఏం చేయాలి? ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి పది నిమిషాలు ఆగండి. అప్పటికీ తగ్గకపోతే అర గ్లాసు చక్కెర లేని పాలు, లేదా చిన్న కప్పు పెరుగు నిలబడి కాకుండా కూర్చుని తీసుకోండి. ఆకలితో దొర్లుతూ మేలుకుని ఉండడం కంటే ఇదే మేలు. వరుసగా మూడు రాత్రులు ఇలా జరిగితే లోపం మధ్యాహ్న భోజనంలో ఉంది, అక్కడ పప్పు పెంచండి. నిద్ర మధ్యలో లేచి తింటేగాని మళ్లీ నిద్రపట్టని స్థితి వారాల తరబడి ఉంటే అది డాక్టరుకు చెప్పవలసిన విషయం.

6. నాలుగవ వారం: టీ, కాఫీ, మద్యం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు మించకూడదు. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి పదికి పడుకునేవారికి చివరి కప్పు మధ్యాహ్నం రెండు, మూడు గంటలకే అయిపోవాలి.

సాయంత్రం ఏదైనా వేడిగా తాగే అలవాటు మానలేనివారు దాన్ని మానవలసిన పని లేదు. టీ స్థానంలో అల్లం, తులసి కాచిన నీళ్లో, పలుచని రాగి జావో పెట్టుకుంటే ఆ వేళకు చేతిలో వేడి గ్లాసు ఉంటుంది. టీ వెంట వచ్చే రెండు చెంచాల చక్కెర, బిస్కట్లు కూడా పోతాయి. ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, రెండు రోజులకు అర కప్పు చొప్పున తగ్గించండి.

మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుందన్నది సగం నిజం. తెల్లవారుజామున అది నిద్రను చెదరగొడుతుంది, గురకను పెంచుతుంది. గ్రాముకు 7 కిలో క్యాలరీలు ఇస్తుంది, వెంట వేయించిన తిండి ఉండనే ఉంటుంది.

7. అదే వారం: పడకగది

- వేడి: గది చల్లగా ఉండాలి. ఏసీ ఉంటే 24 నుంచి 26 డిగ్రీల మధ్య పెట్టి ఫ్యాను తిప్పండి. ఏసీ లేని ఇంట్లో రామగుండం, రెంటచింతల ఎండాకాలం అయితే పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చని నీటితో స్నానం, నూలు దుప్పటి, పగలంతా పడమటి కిటికీ మూసి రాత్రి తెరవడం ఉపకరిస్తాయి.
- దోమలు: డాబా మీదైనా, గదిలోనైనా దోమతెర తప్పనిసరి.
- వెలుతురు: పడుకోవడానికి గంట ముందు ట్యూబులైట్లు ఆర్పి చిన్న దీపం వెలిగించండి.
- ఫోను: ఛార్జరును వేరే గదిలో ఉంచండి. అలారం కోసం ఒక చిన్న గడియారం కొనుక్కోండి.

అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడడానికి రాత్రి పదకొండు దాకా కూర్చునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఇక్కడ ఉదయం ఏడు గంటలకు అక్కడి తూర్పు తీరంలో ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర లేదా తొమ్మిదిన్నర అవుతుంది. వారు భోజనాలు ముగించి తీరికగా ఉండే వేళ అది. ఆ వేళకు మార్చుకోమని పిల్లలను అడగండి, వారూ ఒప్పుకుంటారు.

8. నిద్ర పట్టనప్పుడు చేయవలసినది

మొదటి వారం లెక్కలో 85 శాతం కంటే తక్కువ వచ్చినవారికి ఇది ప్రధానమైన మెట్టు.

1. నిద్ర వస్తున్నప్పుడే మంచం ఎక్కండి. అలసట వేరు, కళ్లు మూతలు పడడం వేరు.
2. సుమారు 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి మరో గదిలో మసక వెలుతురులో కూర్చోండి. పాత పత్రిక చదవండి, బట్టలు మడతపెట్టండి. వంటగదిలోకి మాత్రం వెళ్లవద్దు.
3. నిద్ర వస్తే తిరిగి రండి, రాకపోతే మళ్లీ లేవండి.
4. గడియారాన్ని గోడవైపు తిప్పి పెట్టండి. ఎంతైందో చూసిన ప్రతిసారీ మనసు లెక్కలు మొదలుపెడుతుంది.
5. ఎంత తక్కువ నిద్రపోయినా అదే వేళకు లేవండి.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇలాగే ఉంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మొదటి చికిత్స మాత్రలు కావు, నిద్రలేమికి ఉద్దేశించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స. మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు. అందులో మంచం మీద ఉండే గంటలను కొన్నాళ్లు కుదించే పద్ధతి ఒకటి ఉంది. మూర్ఛ ఉన్నవారు, బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక వ్యాధి) ఉన్నవారు, వాహనాలు నడిపేవారు దానిని సొంతంగా ప్రయత్నించకూడదు.

9. రాత్రి డ్యూటీ చేసేవారికి

హైటెక్ సిటీలో అమెరికా వేళలకు పనిచేసేవారు, సింగరేణి గనుల్లో, విశాఖ ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు మారేవారు, ఆసుపత్రి నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు పై వేళలను పాటించలేరు. వారి శరీర గడియారం తిండిని పగలే ఆశిస్తుంది, అర్ధరాత్రి తిన్న అన్నాన్ని సరిగా సర్దుకోలేదు. చేయగలిగినవి ఇవి:

- డ్యూటీకి వెళ్లే ముందు ప్రధాన భోజనం చేయండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఐదు వరకు బిర్యానీలు, పూరీలు వద్దు. ఆకలేస్తే ఉడికిన గుడ్డు, మజ్జిగ, గుగ్గిళ్లు చాలు.
- టీ, కాఫీ డ్యూటీ మొదటి సగంలోనే.
- తిరిగి వచ్చాక తేలికగా తిని వీలైనంత త్వరగా పడుకోండి. కిటికీలకు మందపాటి నల్ల తెర, కళ్లకు గుడ్డ, చెవులకు దూది.
- క్యాబులో, బస్సులో వచ్చేవారు నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. బండి నడిపి రావలసినవారు కళ్లు మూతలు పడుతుంటే పనిచోటే 20 నిమిషాలు కునుకు తీసి బయలుదేరండి.
- పగటి నిద్ర ఐదు గంటలకే తెగిపోతే సాయంత్రం డ్యూటీకి ముందు గంటన్నర పడుకుని పూడ్చండి.
- ఇంట్లోవారు ఆ గంటల్లో మిక్సీ, కాలింగ్ బెల్లు, టీవీ విషయంలో సహకరించాలి. ఇది డ్యూటీ చేసేవారి ఆరోగ్యానికి కుటుంబం చేయగల పెద్ద సాయం.

షిఫ్టులు అడిగి మార్పించుకునే వీలుంటే ఉదయం, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి అనే వరుస శరీరానికి సులభం. రాత్రి నుంచి వెనక్కు తిరిగే వరుస కష్టం.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

నడక కోసం నిద్ర కోసుకోవడం: రాత్రి పన్నెండుకు పడుకుని నాలుగున్నరకు వాకింగుకు లేచేవారు చేస్తున్నది ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమే. పడుకునే వేళ ముందుకు వచ్చేదాకా నడకను సాయంత్రానికి మార్చండి.

అన్నీ ఒకే రోజు మార్చడం: మూడు రోజుల్లో విసిగి అన్నీ వదిలేస్తారు. వారానికి ఒక్క మార్పు చాలు. అది నిలబడకపోతే మరో వారం దాని మీదే ఉండండి.

చేతి గడియారం చూపే నిద్ర స్కోరును నమ్మి ఆందోళన పడడం: అవి నిద్ర దశలను అంచనా వేస్తాయేగాని కచ్చితంగా కొలవలేవు. పగలు చురుగ్గా ఉన్నారా, మధ్యాహ్నం తూగుతున్నారా అన్నదే చూడండి.

రాత్రి భోజనం పూర్తిగా మానేయడం: రెండు రాత్రులు సాగుతుంది, మూడో రాత్రి పదకొండుకు డబ్బాలు తెరుచుకుంటాయి. మానడం కాదు, ముందుకు జరపడం.

ఎక్కువ పడుకుంటే ఎక్కువ తగ్గుతామనుకోవడం: ఏడు, ఎనిమిది గంటలు పడుకుంటున్నవారు పదికి పెంచినందువల్ల లాభం లేదు. రోజూ తొమ్మిది గంటలు దాటి పడుకున్నా ఇంకా మత్తుగా ఉంటే థైరాయిడ్, కుంగుబాటు, ఆప్నియా, రక్తహీనతల కోసం చూపించుకోండి.

పడుకునే ముందు నీళ్లు ఎక్కువ తాగడం: రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. నీళ్లన్నీ పగలే తాగి, ఎనిమిది తర్వాత తగ్గించండి. రక్తపోటుకు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర సాయంత్రం వేసుకుంటున్నవారు దానిని ఉదయానికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి.

11. ఐదవ, ఆరవ వారాలు: నిలబెట్టడం, కొలిచి చూడడం

ఈ రెండు వారాల్లో కొత్తగా ఏమీ చేర్చకండి. ఆరవ వారం చివర నోటు పుస్తకం తెరిచి మొదటి వారంతో పోల్చండి.

- నిద్ర సగటు 7 గంటలకు చేరిందా? చేరకపోయినా మొదటి వారం కంటే 45 నిమిషాలు పెరిగిందా?
- లేచే వేళలో తేడా గంటలోపే ఉందా?
- రాత్రి భోజనం తర్వాత ఏదైనా తిన్న రాత్రులు వారంలో ఎన్ని?
- బరువు వారపు సగటు, నడుము కొలత ఎలా ఉన్నాయి?

నిద్ర పెరిగి, రాత్రి తిండి తగ్గి, బరువు కొద్దిగానైనా దిగితే ఇదే క్రమం కొనసాగించండి. ఆరు వారాల్లో పెద్ద సంఖ్య ఆశించవద్దు. బరువు పెరగడం ఆగినా అది లెక్కలోకి వచ్చే ఫలితమే.

నిద్ర పెరిగినా బరువు కదలకపోతే నిద్ర పని నిద్ర చేసింది, ఇక చూడవలసినది పళ్లెం, నూనె, కదలిక. వారంపాటు నూనె సీసాను కొలిచి వాడండి, ఇంట్లో మనిషికి రోజుకు ఎంత పడుతోందో తేలుతుంది. ఈసారి ఆహార మార్పులు మొదలుపెడితే ఆకలి మునుపటి కంటే అదుపులో ఉంటుంది.

నిద్ర గంటలు పెరగకపోతే ఏ మెట్టు దగ్గర ఆగిందో పుస్తకంలోనే కనిపిస్తుంది, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. గంటలు పెరిగినా ఉదయం అలసట తీరకపోతే ఆ పుస్తకాన్ని తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆరు వారాల రాత ఎదురుగా ఉంటే ఏ పరీక్ష ముందు చేయించాలో నిర్ణయించడం ఆయనకు సులభమవుతుంది.